రాయితీ అద్దె ఇంటికి అర్హత తేల్చే ఇంటర్వ్యూ: డెల్టా పట్టణాల సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమండ్రి, కాకినాడ లాంటి చోట్ల తక్కువ అద్దె ఇళ్లకు, గదులకు దరఖాస్తులు తీసుకునే వార్డు సచివాలయ సిబ్బంది, మున్సిపల్ ఉద్యోగులు, కార్మికుల వసతి గృహాలు నడిపే ట్రస్టుల వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. కాగితాలన్నీ చూశాక కూడా ఎవరు అర్హులో తేలడం లేదు, ఎదురుగా కూర్చోబెట్టి ఏం అడగాలి, ఏ వరసలో అడగాలి?

గోదావరి డెల్టాలో తప్పుడు నిర్ణయాలకు ఎక్కువగా మూలమయ్యేది "నెలకు ఎంత వస్తుందండీ?" అనే ప్రశ్నే. ఇక్కడ చాలామందికి నెల జీతం లేదు. సార్వా (వానాకాలపు వరి), దాళ్వా (రెండో పంట వరి), చెరువు పట్టుబడి (చెరువులో చేపలు, రొయ్యలు పట్టడం), వేట నిషేధం, దింపుల వంతు (కొబ్బరికాయలు దింపే పని), వీటిని బట్టి డబ్బు వస్తుంది, ఆగుతుంది. అందుకే కింది పద్ధతిలో ఏడాది లెక్కకే పెద్ద పీట.

1. నిబంధనను ఒక పేజీలోకి దించండి

మీరు ఏ పథకం కింద ఇల్లు ఇస్తున్నారో ఆ ఉత్తర్వు ప్రతి దగ్గర పెట్టుకోండి. వేరే పథకం నిబంధన గుర్తుండిపోయి దాన్నే ఇక్కడా వాడేయడం సిబ్బందిలో బాగా కనిపించే పొరపాటు.

2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో కుటుంబ వార్షికాదాయం 3 లక్షల లోపు ఉంటే ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షల లోపు ఉంటే అల్పాదాయ వర్గం. సొంతిల్లు కట్టుకునే విభాగం, అద్దె ఇళ్ల విభాగం వేర్వేరు. సొంతింటి విభాగంలో దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అద్దె ఇంటికి వచ్చేవాళ్లలో ఊళ్లో ఇల్లుండి పని కోసం పట్నంలో ఉండేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఇంటి నిబంధనను మీ ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు చదివి, అలాగే రాసుకోండి.

ఆ ఒక్క పేజీలో ఉండాల్సినవి:

☐ కుటుంబం అంటే ఎవరెవరు (భార్య, భర్త, పెళ్లికాని పిల్లలేనా, తల్లిదండ్రులు కూడానా)
☐ ఆదాయ పరిమితి, అది ఏ ఏడాదికి
☐ ఇల్లు, స్థలం గురించిన షరతు
☐ ఎవరికి ముందు వరస (వితంతువులు, దివ్యాంగులు, వలస కార్మికులు వగైరా)
☐ ఏ రుజువు లేకపోతే దాని బదులు ఏది తీసుకోవచ్చు

అర్హత వేరు, ముందు వరస వేరు. మొదటిది అవును, కాదు అని తేలే విషయం. రెండోది అర్హుల్లో ఎవరికి ముందు అన్న లెక్క. ఈ రెంటినీ ఒకే మార్కుల పట్టీలో కలిపితే, బాగా కష్టాల్లో ఉన్నట్టు కనిపించిన అనర్హులు పైకి వస్తారు, గుట్టుగా బతికే అర్హులు కిందికి పోతారు.

2. ఫైలు ముందే చదవండి

మనిషి ఎదురుగా కూర్చున్నాక ఫైలు తిరగేయడం మొదలుపెడితే సగం సమయం అందులోనే పోతుంది. ముందురోజే ఒక్కో ఫైలుకు పది నిమిషాలు కేటాయించి మూడు రకాలుగా గుర్తు పెట్టండి: తేలిపోయినవి, కాగితం లేనివి, ఒకదానికొకటి పొసగనివి. ఇంటర్వ్యూలో అడగాల్సింది రెండో, మూడో రకాల గురించే. ఆధార్‌లో స్పష్టంగా ఉన్న పుట్టిన తేదీని మళ్లీ అడిగి సమయం పాడుచేయకండి.

ఒక మనిషికి 35 నుంచి 40 నిమిషాలు, ఒక రోజుకు ఎనిమిది మంది. అంతకు మించి పిలిస్తే సాయంత్రం వచ్చినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

3. రోజు, వేళ, చోటు

నాట్లు జోరుగా పడే జూలై, ఆగస్టుల్లో పగటిపూట పిలిస్తే కూలీకి ఆ రోజు డబ్బు పోతుంది. చెరువు పట్టుబడి చాలాసార్లు తెల్లవారుజామున ఉంటుంది, ఆ పని చేసేవాళ్లకు మధ్యాహ్నం తర్వాత వీలు. రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లకు షిఫ్టు ఉంటుంది కనుక ఏ షిఫ్టో ఫోన్‌లో కనుక్కునే వేళ ఇవ్వండి. రానివాళ్లకు ఇంకో తేదీ తప్పనిసరిగా ఇవ్వాలి. మొదటిసారి రాకపోతే ఆసక్తి లేదని రాసేయడం సరికాదు.

గది విషయంలో ఒక్కటే పట్టుదల ఉండాలి: లోపల మాట బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వినపడకూడదు. వినపడితే గల్ఫ్‌లో ఉన్న భర్త డబ్బు పంపడం మానేశాడని ఏ ఇల్లాలూ చెప్పదు. తలుపు తీసి ఉంచినా సరే, బెంచీలు దూరంగా వేయించండి. ఒంటరి మహిళ వస్తే ఇంటర్వ్యూ చేసే ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి.

ఎప్పుడూ ఇద్దరు కూర్చోండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. అడిగేవాళ్లే రాస్తే మాట తెగుతుంది, రాత తప్పుతుంది.

4. మొదటి ఐదు నిమిషాలు

"రండమ్మా, కూర్చోండి" అని మొదలుపెట్టండి. పెద్దవాళ్లయినా, చిన్నవాళ్లయినా, చినిగిన చొక్కాతో వచ్చినా "మీరు" అనే అనాలి. అక్కా, బాబాయ్ అనే పిలుపులు ఇక్కడ సహజమే కానీ కొందరిని బాబాయ్ అని, కొందరిని ఏమయ్యా అని పిలిస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. అందరికీ గారు, అండీ వాడితే ఏ చిక్కూ లేదు.

తర్వాత ఈ నాలుగు మాటలు అందరికీ ఒకేలా చెప్పండి:

- మీ దరఖాస్తులో కొన్ని వివరాలు సరిచూసుకోవడానికి పిలిచాం.
- తెలియనిది తెలియదనే చెప్పండి, దాని వల్ల దరఖాస్తు పోదు.
- ఇల్లు వస్తుందో రాదో ఈ రోజు మేం చెప్పలేం.
- దీనికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరైనా అడిగితే మాకు చెప్పండి.

నాలుగో మాట గట్టిగా చెప్పాలి. డబ్బు తీసుకుని "ఆదాయం ఇంతే అని చెప్పు, ఇల్లు లేదని చెప్పు" అని నేర్పి పంపే దళారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అలా నేర్చుకుని వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు, భయపడినవాళ్లు. నిజం చెబితే నష్టం లేదని తెలిస్తే చాలామంది నేర్చుకొచ్చిన పాఠం పక్కన పెట్టేస్తారు.

వెంట వచ్చిన నాయకుణ్ణి, మేస్త్రీని, బంధువును మర్యాదగా బయట కూర్చోమనండి. ఒడిశా నుంచి వచ్చిన ప్లాంటు కార్మికులకు మాట తర్జుమా చేయడానికి వాళ్లను తెచ్చిన కాంట్రాక్టరు మనిషిని మాత్రం అస్సలు వాడకండి. కూలి ఎంతో, కోత ఎంతో అతని ముందు వాళ్లు చెప్పలేరు. ఒడియా తెలిసిన వేరే మనిషిని ముందే చూసుకోండి.

5. ప్రశ్నల వరస

సులువైనవి ముందు, సున్నితమైనవి తర్వాత: కుటుంబం, ఇప్పుడున్న ఇల్లు, పని, ఆదాయం, ఆస్తి. ఆస్తితో మొదలుపెడితే మనిషి ముడుచుకుపోతాడు, తర్వాత ఏం అడిగినా ఒక్క ముక్కలో జవాబిస్తాడు.

కుటుంబం గురించి "ఎంతమంది ఉంటారు?" అంటే "ఆరుగురం" అంటారు. అందులో పెళ్లై వేరుగా వండుకునే కొడుకు ఉండొచ్చు, చదువు కోసం వచ్చిన మేనకోడలు ఉండొచ్చు. "రాత్రి ఇక్కడ ఎవరెవరు పడుకుంటారు? ఎవరెవరి వంట ఒక్కటి?" అని విడివిడిగా అడిగితే తేలుతుంది. తర్వాత మీ ఉత్తర్వులోని నిర్వచనంతో పోల్చుకోండి.

ఇప్పుడున్న ఇంటి గురించి అడగాల్సినవి: గోడ, కప్పు దేనివి, గదులెన్ని, మరుగుదొడ్డి సొంతమా ఉమ్మడా, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, వానాకాలం ఇంట్లోకి నీళ్లొస్తాయా. లంక గ్రామాల (గోదావరి పాయల మధ్య దిబ్బల మీది ఊళ్ల) నుంచి వచ్చినవాళ్లను ఒక ప్రశ్న అదనంగా అడగాలి: "రికార్డులో ఉన్న మీ ఇల్లు ఇప్పుడు నేల మీద ఉందా?" గోదావరి కోతకు ఇల్లు, స్థలం పోయినా పన్ను రిజిస్టరులో పేరు అలాగే ఉండిపోయిన కుటుంబాలున్నాయి. రికార్డు చూసి సొంతిల్లు ఉందని కొట్టేస్తే ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకే ఇల్లు లేకుండా పోతుంది.

ఉమ్మడి ఇంట్లో వాటా దగ్గర చాలా ఫైళ్లు ఆగిపోతాయి. తండ్రి పేరున పెంకుటిల్లు, ముగ్గురు అన్నదమ్ములు, పంపకం కాలేదు. "వాటా ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. "ఆ ఇంట్లో మీరు ఇవాళ వెళ్లి కాపురం పెట్టగలరా? ఇప్పుడు అందులో ఎవరుంటున్నారు? ఎన్ని గదులు?" అని అడిగి, వచ్చిన జవాబును రాయండి. వాటా ఉన్నవాళ్లను ఏం చేయాలో ఉత్తర్వు చెప్పకపోతే పై అధికారిని రాతపూర్వకంగా అడగండి. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా మీ అంతట మీరే తేల్చకండి.

6. ఆదాయం: ఏడాదిని తిప్పండి

ఒక కాగితం మీద పన్నెండు గళ్లు గీయండి. పోయిన సంక్రాంతి నుంచి మొదలుపెట్టండి. "పండగ అయ్యాక మొదట ఏ పనికి వెళ్లారండీ?" అని అడిగి, అక్కణ్ణుంచి ఉగాది, కాలువలు కట్టేసిన (వేసవిలో సాగునీరు ఆపేసిన) రోజులు, ఏరువాక, వినాయక చవితి, దసరా, కార్తీకం మీదుగా మళ్లీ సంక్రాంతికి రండి. ఇంగ్లీషు నెలలు చెప్పమంటే తడబడేవాళ్లు పండగల వరసలో చెప్పమంటే చక్కగా చెబుతారు.

ప్రతి గడిలో మూడు వివరాలు: ఏ పని, ఎన్ని రోజులు, రోజుకు ఎంత. ఒక మచ్చు లెక్క చూడండి. కూలి రేట్లు ఉదాహరణకు వేసినవే, మీ ఊరి రేటు మీరు వేసుకోవాలి.

భర్త:
- సార్వా నాట్లు, 30 రోజులు × 600 = 18,000
- సార్వా కోత, మోత పనులు, 25 రోజులు × 700 = 17,500
- దాళ్వా నాట్లు, 15 రోజులు × 600 = 9,000
- దాళ్వా కోత, మోత, 12 రోజులు × 700 = 8,400
- చెరువు పట్టుబడులు, ఏడాది మొత్తం 60 రోజులు × 800 = 48,000
- మొత్తం 1,00,900

భార్య, రొయ్యల ప్లాంటులో:
- సరుకు బాగా వచ్చే 8 నెలలు, నెలకు 22 రోజులు × 400 = 70,400
- సరుకు తగ్గే 4 నెలలు, నెలకు 8 రోజులు × 400 = 12,800
- మొత్తం 83,200

కుటుంబం ఏడాది ఆదాయం 1,84,100. మూడు లక్షల లోపే.

ఇదే కుటుంబాన్ని కోతల కాలంలో పిలిచి "రోజుకు ఎంత?" అని అడిగారనుకోండి. ఆయన 700 అంటాడు, ఆవిడ 400 అంటుంది, ఇద్దరూ నిజమే చెప్పారు. గుమస్తా నెలకు 26 రోజులు, పన్నెండు నెలలు వేసి 3,43,200 అని రాస్తాడు. కుటుంబం అనర్హుల జాబితాలోకి పోతుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు, లెక్క వేసిన తీరే తప్పు.

ఒక్కో వృత్తికి గుర్తుంచుకోవాల్సినవి:

- సముద్ర మత్స్యకారులు: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజులకు వేట ఆదాయం వేయకూడదు. వాళ్లది రోజు కూలి కాదు, వాటా. "పోయిన నెల ఎన్ని వేటలకు వెళ్లారు, ఖర్చులు పోను మీ వాటా ఎంత వచ్చింది?" అని అడగండి.
- దింపు కార్మికులు: కూలి చెట్టుకు ఇంత అని. రోజుకు ఎన్ని చెట్లు, వారానికి ఎన్ని రోజులు, వానల్లో ఎన్నాళ్లు ఆగారు అన్నవి విడిగా అడగాలి.
- కడియం వైపు నర్సరీ కూలీలు: పని ఏడాది పొడవునా దొరుకుతుంది గనుక వీళ్ల లెక్క తేలిక. అయినా ఆడవాళ్ల కూలి, మగవాళ్ల కూలి వేరు. ఇంట్లో అందరికీ ఒకే రేటు వేయకండి.
- కౌలు రైతులు: బస్తాల లెక్క ఆదాయం కాదు. కౌలు, ఎరువు, మిషను కోత, కూలి పోగా మిగిలింది రాయాలి. తుఫానులో పంట పోయిన ఏడాది అయితే ఆ సంగతీ రాయాలి.
- ఆటో డ్రైవర్లు: బండి సొంతమా, రోజు అద్దెకు తీసుకున్నదా? రోజు వసూలులోంచి గ్యాసో డీజిలో, బండి అద్దె తీసేయాలి.

కోత మిషన్లు వచ్చాక వరి కోతల్లో మనుషులకు దొరికే రోజులు బాగా తగ్గాయి. పాత అలవాటుతో కోతలకు నెల రోజులు వేసేయకుండా అడిగి రాయండి.

అర్హత తేలాక ఇంకో లెక్క వేయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పై కుటుంబానికి సగటున నెలకు 15,342 వస్తుంది. అద్దె, కరెంటు, నీళ్లు కలిపి ఆదాయంలో 30 శాతం లోపు ఉండాలనే కొలత పెట్టుకుంటే 4,600 దాకా కట్టగలరు. కానీ కాలువలు కట్టేసిన మే నెలలో ఆయనకు ఐదు పట్టుబడులు (4,000), ఆవిడకు ఎనిమిది రోజులు (3,200) దొరికితే చేతికి వచ్చేది 7,200. అందులో 30 శాతం 2,160. నెలకు 2,500 అద్దె అయితే ఆ ఇంటికి మేలో బాకీ తప్పదు. ఇది ఇల్లు ఇవ్వకపోవడానికి కారణం కాదు. పంట చేతికొచ్చిన నెలలో రెండు నెలల అద్దె ముందే కట్టుకునే వీలు ఇవ్వాలని ఫైలులో సూచించడానికి కారణం.

7. పాసుబుక్కులో కనిపించేదంతా ఆదాయం కాదు

పన్నెండు నెలల పాసుబుక్కు ఎంట్రీలు ముందేసుకుని పెద్ద మొత్తాల పక్కన "ఇదేంటండీ?" అని అడగండి. డ్వాక్రా అప్పు, పాడిన చీటీ డబ్బు, తాకట్టు పెట్టిన బంగారం మీద వచ్చిన అప్పు, వేరేవాళ్ల కోసం తన ఖాతాలో వేయించుకున్న డబ్బు, ఇవేవీ సంపాదన కావు. పింఛన్లు, వేట నిషేధ భృతి లాంటివి లెక్కలోకి వస్తాయా రావా అన్నది మీ ఉత్తర్వు చూసి తేల్చండి. ఫైలులో మాత్రం విడిగా రాయండి.

గల్ఫ్ కుటుంబాల దగ్గర ఓపిక కావాలి. కోనసీమ నుంచి, నరసాపురం చుట్టుపక్కల నుంచి కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లు చాలామంది, వాళ్లలో ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లూ ఎక్కువే. వీసా కోసం చేసిన అప్పు తీరేదాకా పంపిన డబ్బు ఇంటికి మిగలదు. పంపిన డబ్బు ఆదాయమే, అప్పు వాయిదాలను ఆదాయంలోంచి తీసేయడం సాధారణంగా కుదరదు. కానీ అద్దె కట్టే శక్తి చూసేటప్పుడు ఆ వాయిదా తప్పక లెక్కలోకి రావాలి. అడగాల్సిన మూడు ప్రశ్నలు: ఏడాదిలో ఎన్నిసార్లు పంపారు, ఒక్కోసారి ఎంత, ఆఖరుసారి ఎప్పుడు? ఆఖరుసారి పంపి ఆరు నెలలు దాటితే ఆ ఆదాయం ఆగిపోయినట్టు రాసి, దానికి దరఖాస్తుదారు చేత రాతపూర్వక వాంగ్మూలం తీసుకోండి.

8. కాగితానికీ మాటకూ పొసగనప్పుడు

కంప్యూటరులో అనర్హత చూపిస్తే మనిషి అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. బియ్యం కార్డు కోసం చేసే ఆరంచెల పరిశీలనలో తగిలే అంశాలే ఇక్కడా తగులుతుంటాయి.

కరెంటు 300 యూనిట్లు దాటిందా? అద్దె ఇళ్లలో మూడు వాటాలకు ఒకే మీటరు ఉండటం మామూలు. మీటరు ఎవరి పేరున ఉంది, ఎన్ని కుటుంబాలు వాడుతున్నాయి అని అడిగి, బిల్లు ప్రతి తీసుకోండి.

కారు చూపిస్తోందా? అమ్మేసినా ఆర్‌సీ పేరు మారలేదేమో, యజమాని బండిని డ్రైవరు పేరున కొన్నారేమో, అది టాక్సీ ఏమో కనుక్కోండి. అమ్మిన కాగితం, రవాణా శాఖ రికార్డు అడగండి.

ఆదాయపు పన్ను చూపిస్తోందా? అప్పు కోసం రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. రిటర్ను ప్రతిలో కట్టిన పన్ను గడి చూడండి.

భూమి చూపిస్తోందా? 1బీ, అడంగల్ (భూమి రికార్డులు) తీయించి, ఇంటిపేరూ పేరూ ఒకటే ఉన్న వేరే మనిషి భూమి ఖాతాలో పడిందేమో చూడండి.

ఇలాంటప్పుడు అడిగే మాట ఇలా ఉండాలి: "రికార్డులో మీ పేరున కారు ఉన్నట్టు వస్తోందండీ. దాని సంగతి మీకేమైనా తెలుసా?" "కారుంచుకుని ఇల్లెందుకు?" అన్నారంటే ఇక ఆ మనిషి నోటి నుంచి పనికొచ్చే సమాచారం రాదు.

విచారణకు ఇంటికి వెళ్తే చెప్పి వెళ్లండి. ఇరుగుపొరుగును ఆదాయం గురించి అడగకండి. ఆ ఇంట్లో ఎవరుంటున్నారన్నది మాత్రం నిర్ధారించుకోండి. ఇప్పటి ఇంటి యజమానికి దరఖాస్తుదారు ఒప్పుకోకుండా ఫోన్ చేయవద్దు. ఖాళీ చేస్తారని తెలిసిన రోజే సామాన్లు బయట పెట్టించే యజమానులున్నారు.

9. అడగకూడనివి

"మీరేమిట్లండీ?" అని మాటల్లో కులం అడిగేయడం మన వైపు అలవాటు. ఇంటర్వ్యూలో అది వద్దు. రిజర్వేషను ఉంటే కుల ధ్రువపత్రం చూడండి, నోటితో అడగకండి. ఏ గుడికి, ఏ చర్చికి వెళ్తారు, ఎవరికి ఓటేశారు, భర్త ఎందుకు వదిలేశాడు, పిల్లలెందుకు లేరు, ఇవేవీ అర్హతకు సంబంధించినవి కావు. విడిగా ఉంటున్న మహిళను "ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, ఆయన నుంచి డబ్బేమైనా వస్తోందా?" అని అడిగితే సరిపోతుంది.

జవాబు ఇరికించి అడగడమూ అంతే తప్పు. "ఇల్లు లేదు కదా?" అంటే "లేదండి" అనే వస్తుంది. "మీ పేరున గానీ, మీ ఇంట్లోవాళ్ల పేరున గానీ ఎక్కడైనా ఇల్లు, స్థలం, టిడ్కో ఫ్లాటు (ప్రభుత్వం కట్టించిన ఫ్లాటు) కేటాయింపు ఉన్నాయా?" అని అడిగి ఆగండి. జవాబు వచ్చేదాకా ఆ మౌనాన్ని మీరు నింపకండి.

10. చదివి వినిపించి, రాసి, తేల్చండి

చివరి ఐదు నిమిషాలు రాసుకున్నది చదివి వినిపించడానికి. "సార్వా నాట్లు 30 రోజులని రాశాం, సరేనా అండీ?" అంటూ ఒక్కొక్కటీ చెప్పండి. దిద్దుబాటు ఉంటే కొట్టేసి పక్కన రాయండి, తెల్ల సిరా పూయకండి. తర్వాతే సంతకం లేదా వేలిముద్ర. ఖాళీ ఫారం మీద సంతకం ఎప్పుడూ తీసుకోవద్దు.

వాళ్లు వెళ్లేముందు చేతికి ఇవ్వాల్సిన చీటీలో:

☐ దరఖాస్తు నంబరు, ఇంటర్వ్యూ తేదీ
☐ ఇంకా ఇవ్వాల్సిన కాగితాలు, గడువు (కనీసం 15 రోజులివ్వండి)
☐ ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది
☐ నిర్ణయం ఎలా తెలుస్తుంది, ఎవరిని అడగాలి

ఫైలులో చూసింది, విన్నది, మీకు అనిపించింది, ఈ మూడూ వేరువేరుగా రాయండి. "పేదవాళ్లలా లేరు" అన్నది అభిప్రాయం. "ఇంట్లో ఫ్రిజ్ ఉంది, వాయిదాల్లో కొన్నారు, వాయిదా కాగితం చూశాం" అన్నది సమాచారం. నిర్ణయం ఇద్దరూ విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోండి. పొసగకపోతే పై అధికారికి పంపండి.

ఆధార్ ప్రతుల్లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలినచోట అదే తీసుకోండి. ఫైళ్లు బీరువాలో, తాళం వేసి ఉంచండి. దరఖాస్తుదారుల జాబితాను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

తిరస్కరిస్తే ఏ నిబంధన, ఏ లెక్క, ఏ కాగితం వల్ల అన్నది తెలుగులో, ఒక పేజీలో రాసి ఇవ్వండి. పన్నెండు గళ్ల ఆదాయపు కాగితం నకలు దానికి జత చేయండి. ఆ లెక్కలో ఏ గడి తప్పో వాళ్లే వేలు పెట్టి చూపించగలగాలి. పునఃపరిశీలనకు ఎవరికి, ఎన్ని రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలో అందులోనే రాయండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చని కూడా చేర్చండి. అర్జీ వచ్చిన ఫైలును మొదట ఇంటర్వ్యూ చేసిన ఇద్దరికీ కాకుండా వేరేవాళ్లకు అప్పగించండి.